‘కరెంటు ఉంది’ అంటే ఏముంది?

చిరంజీవికి ఆశీస్సులు.

కరెంటు మీద నీ వ్యాసం అందింది. ‘మీరు’ అని మొదలుపెట్టి రెండు లైన్లు రాశాను గానీ చెయ్యి సాగలేదు. నా పెద్ద మనవడికీ నీకూ ఏడాదో రెండేళ్లో తేడా ఉంటుంది. అందుకని ‘నువ్వు’ అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

భాష సాఫీగా ఉంది. పొగడ్త ఇంతటితో సరి.

రెండో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘మన ఇళ్లలోని తీగల్లో నిరంతరం 230 ఓల్టుల కరెంటు ప్రవహిస్తూ ఉంటుంది.’ కాఫీ చల్లారిపోయేదాకా ఆ లైను వంకే చూస్తూ కూర్చున్నాను. ఓల్టులతో కొలిచేది కరెంటును కాదు, దాన్ని కొలిచేది ఆంపియర్లతో. ఓల్టేజీ అనేది ప్రవహించేదీ కాదు, నెట్టేది. పైగా ఇంట్లో అన్ని స్విచ్చులూ ఆపేసి ఉంటే ఆ తీగల్లో ప్రవహించేది ఏమీ ఉండదు. ఒక్క వాక్యంలో మూడు తప్పులు పట్టించావు, అదీ ఒక నేర్పే.

అయితే తప్పు నీ ఒక్కడిదే అనలేను. మన తెలుగువాళ్లం ‘కరెంటు’ అనే ఒక్క మాట చేత నాలుగు మాటల చాకిరీ చేయించుకుంటున్నాం. కరెంటు పోయింది అంటాం. నిజానికి పోయింది ఓల్టేజీ. కరెంటు బిల్లు కట్టాలంటాం. కట్టేది యూనిట్లకు, అంటే వాడుకున్న శక్తికి. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె గంటసేపు వాడితే ఒక యూనిట్. కరెంటు స్తంభం, కరెంటాఫీసు, కరెంటోళ్లు, ఇలా ఎన్నో. ‘కరెంటు కొట్టింది’ అంటామే, ఆ ఒక్కచోట మాత్రం మాట అచ్చంగా అతికింది, ఒంట్లోంచి నిజంగానే కరెంటు పారింది గనక.

రాత్రి రెండు గంటలనుకో. ఇంట్లో ఒక్క దీపం లేదు, ఫ్యాను లేదు, ఫ్రిజ్ కూడా ఆపేశారు. కరెంటు ఉందా అంటే ‘ఉంది’ అంటాం. ఏముంది అక్కడ? ప్లగ్గు రెండు రంధ్రాల మధ్య 230 ఓల్టుల తేడా ఉంది. అంతే. కరెంటు సున్నా. ఆ తేడాకు ఒక దారి చూపించు, ఇస్త్రీ పెట్టె పెట్టు, అప్పుడు నాలుగు ఆంపియర్ల చిల్లర పారుతుంది. ఎంత పారాలో తేల్చేది ఆ పెట్టెలోని తీగ నిరోధం, అంటే కరెంటును అడ్డే గుణం. దాన్ని ఓములతో కొలుస్తారు, ఇక్కడ సుమారు 53 ఓములు. 230ని 53తో భాగించి చూసుకో.

విచిత్రం ఏమిటంటే, ఈ మాటల చిక్కు చదువుకున్నవాళ్లకే ఎక్కువ. మీ ఊళ్లో ఏ రైతునైనా కదిలించు. ‘కరెంటుంది గానీ ఓల్టేజీ లేదు’ అంటాడు. రెండూ వేర్వేరని ఆయనకు తెలుసు, మోటారు కాల్చుకుని నేర్చుకున్నాడు కాబట్టి. తెలుగులో ఈ విషయం రాయబోయేవాడు మొట్టమొదట ఈ ముడి విప్పాలి. సూత్రం తర్వాత. ముడి విప్పకుండా ఓం నియమం, వి ఈజ్ ఈక్వల్ టు ఐ ఆర్ (కరెంటును నిరోధంతో గుణిస్తే ఓల్టేజీ) అని రాయడం, తాళం తియ్యకుండా తలుపు తొయ్యడమే.

నేను తొలిసారి దీని మీద రాసి ఒక వారపత్రికకు పంపింది 1979లో. ఆ సంపాదకుడు మహా పండితుడు. నా ‘ఓల్టేజీ’లన్నిటినీ ‘విద్యుచ్చాలక బలం’ చేశాడు. ‘కరెంటు’ కనిపించిన ప్రతిచోటా ‘విద్యుత్ప్రవాహము’ అని దిద్దాడు. వ్యాసం మధ్యలో నేను, ఊళ్లో కరెంటు పోయిందని ఒక ముసలాయన గొణిగినట్టు రాస్తే, అచ్చులో ఆ ముసలాయన ‘విద్యుత్ప్రవాహము పోయినది’ అన్నాడు! మా బావకు మోటార్లు రీవైండింగ్ చేసే షాపు ఉండేది. పత్రిక తీసుకెళ్లి ఇచ్చాను. సాంతం చదివి, ‘బాగుంది బావా, దేని గురించి?’ అన్నాడు. ఆ తర్వాత ఇంకొకాయన అంకెలుంటే పాఠకులు పారిపోతారని లెక్కలన్నీ కొట్టేశాడు. ఇప్పుడు రోజులు మారి, ‘ఈ నిజం తెలిస్తే షాక్ అవుతారు’ అని శీర్షిక పెడుతున్నారు. నువ్వూ పెట్టావు. తీసెయ్.

అదలా ఉంచు. నీ నీళ్ల ట్యాంకు సంగతికొస్తాను. ట్యాంకు ఎత్తు ఓల్టేజీ, పైపులో నీళ్లు కరెంటు, పైపు సన్నదనం నిరోధం. నేనూ ఇరవై ఏళ్లు పిల్లలకు అదే చెప్పాను, ఇప్పుడు చెప్పను. పైపు కోస్తే నీళ్లు కారతాయి. తీగ కోస్తే ఏదీ కారదు, ఆగిపోతుంది. సర్క్యూట్ అంటే తిరిగి మొదటికి వచ్చే దారి. ఆ మాటలో ఉన్న ప్రాణమంతా అక్కడే ఉంటే, నీ ట్యాంకు దాన్నే మింగేసింది.

నాకిది తెలిసిన తీరు చెబుతాను. విజయవాడ సత్యనారాయణపురంలో ఒక గదిలో అద్దెకుండేవాణ్ని. పగలు ట్యుటోరియల్‌లో ఫిజిక్స్ చెప్పడం, రాత్రి వ్యాసాలు రాయడం. మే నెలలో ఒక రాత్రి బల్బు, ఫ్యాను రెండూ ఆగిపోయాయి. టెస్టర్ తీసి ప్లగ్గులో పెట్టాను. కుడి రంధ్రంలో వెలిగింది. ఎడమ రంధ్రంలోనూ వెలిగింది. ‘రెండింట్లోనూ కరెంటుంది, ఫ్యానే పోయింది’ అని ఇంటివాళ్ల ముందు తీర్పు చెప్పి, తెల్లారి ఫ్యాను విప్పించి రిక్షాలో షాపుకు తీసుకెళ్లాను. వాడు తిప్పి చూపించాడు, గిర్రున తిరిగింది. బల్బు కూడా ఎందుకు వెలగలేదని అప్పటికి నాకు తట్టనే లేదు చూడు. ఇంటికొచ్చేసరికి లైన్‌మన్ స్తంభం ఎక్కి ఉన్నాడు. న్యూట్రల్ తీగ జాయింటు ఊడిందట. ‘వచ్చే దారుంది సార్, తిరిగిపోయే దారి లేదు’ అన్నాడు కిందికి దిగుతూ. అప్పటికి ఓం నియమం నేను ఆరేళ్లుగా పాఠం చెబుతున్నాను.

ఎడమ రంధ్రం ఎందుకు వెలిగిందో నువ్వే ఆలోచిస్తావని వదిలేద్దామనుకున్నాను గానీ, ఉండబట్టలేదు. బల్బు స్విచ్చు వేసే ఉంది. కరెంటును తెచ్చే ఫేజు తీగ నుంచి బల్బు ఫిలమెంటు గుండా, తెగిపోయిన న్యూట్రల్ దాకా దారుంది. దాటి వెళ్లే దారి లేదు కాబట్టి కరెంటు సున్నా. కరెంటు సున్నా అయితే, నిరోధం ఎంతున్నా దాని కొసల మధ్య ఓల్టేజీ తేడా కూడా సున్నాయే. అంటే ఫిలమెంటు ఆ పక్క 230 ఉంటే ఈ పక్కా 230. అదే వచ్చి ఎడమ రంధ్రంలో కూర్చుంది. రెండు రంధ్రాలూ ఒకే ఎత్తులో ఉన్నప్పుడు వాటి మధ్య ఫ్యాను ఎలా తిరుగుతుంది? టెస్టర్ సంగతి వేరు. దాని పిడిలో లక్షల ఓముల నిరోధం ఒకటి ఉంటుంది. మన ఒంటిగుండా ఒక ఆంపియర్‌లో వెయ్యో వంతు కూడా పోనివ్వదు. లోపలున్న నియాన్ దీపానికి ఆ కాస్త చాలు. అందుకే అది ఓల్టేజీ ఉందని చెబుతుంది గానీ, దారి ఉందని చెప్పదు.

ఇదంతా ఏ ట్యాంకులోంచి రాబడతావు?

ఎలక్ట్రాన్లు ‘కాంతి వేగంతో దూసుకుపోతాయి’ అని కూడా రాశావు. అడ్డంగా కోస్తే ఒక చదరపు మిల్లీమీటరు ఉండే రాగి తీగలో ఒక ఆంపియర్ పారుతుంటే ఎలక్ట్రాన్లు ముందుకు జరిగే వేగం సెకనుకు 0.07 మిల్లీమీటరు. మీటరు దూరం పోవడానికి మూడున్నర గంటల పైమాట. మన ఇళ్లలో అయితే అదీ లేదు, సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగడమే. మరి స్విచ్చు వెయ్యగానే దీపం ఎందుకు వెలుగుతుందంటే, తీగ పొడవునా ఎలక్ట్రాన్లు ముందే నిండి ఉన్నాయి, నెట్టుడు మాత్రమే క్షణంలో అందుతుంది. నిండుగా ఉన్న పైపుకు కుళాయి తిప్పినట్టు. అవునయ్యా, ఇక్కడ నీళ్ల పోలిక నేనే వాడాను. పనికొచ్చినచోట వాడుకోవాలి.

నిరోధాన్ని ‘కరెంటుకు శత్రువు’ అన్నావు. ఇస్త్రీ పెట్టె అంటేనే నిరోధం కదా. పుట్టే వేడి ఒకటే, కోరుకున్నచోట పుడితే చొక్కా మడత, కోరుకోనిచోట పుడితే మాడిన ప్లగ్గు. మీ ఇంట్లో ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పట్టుకుని చూడు, ఒక పిన్ను నల్లబడి, దాని చుట్టూ ప్లాస్టిక్ కొద్దిగా కుంగి ఉంటుంది. లూజు కాంటాక్టు. అక్కడ అర ఓము నిరోధం చేరినా, నాలుగు ఆంపియర్ల చిల్లరకు తొమ్మిది వాట్ల పైన వేడి ఆ గోరంత చోట పుడుతుంది. కరెంటును దానితోనే గుణించి, నిరోధంతో గుణిస్తే వచ్చే లెక్క ఇది. ఆ సంపాదకుడు కొట్టేసింది ఇలాంటివే.

ఓం గురించి నాలుగు లైన్లలో తేల్చేశావు. పుట్టింది 1789, తాళాలు చేసే ఆయన కొడుకు, సరే. అసలు కథ వదిలేశావు. కొలోన్‌లో బడిపంతులుగా ఉంటూ ప్రయోగాలు మొదలుపెడితే, అప్పటి బ్యాటరీలు వాడుతుండగానే నీరసపడిపోయేవి. ఓల్టేజీయే నిలకడగా లేకపోతే తీగ పొడవు మారిస్తే కరెంటు ఎంత మారిందో ఎలా తెలుస్తుంది? చివరికి బ్యాటరీని పక్కనపెట్టి బిస్మత్, రాగి అనే రెండు లోహాల కొసలు అతికిన జంట తీసుకున్నాడు. ఒక జాయింటు మరిగే నీళ్లలో, ఇంకొకటి మంచులో. ఆ రెండింటి వేడి తేడాయే ఓల్టేజీని పుట్టిస్తుంది, ఆ తేడా మారదు కాబట్టి ఓల్టేజీ మారదు. అప్పుడు గానీ లెక్క కుదరలేదు. 1827లో పుస్తకం వేస్తే సొంత దేశంలో పట్టించుకున్నవాళ్లు తక్కువ. లండన్ రాయల్ సొసైటీ పతకం ఇచ్చింది 1841లో. వ్యాసం తిరిగొచ్చిందని ఉత్తరంలో బాధపడ్డావు కదా, ఈయన లెక్కన నీకింకా పధ్నాలుగేళ్లు గడువుంది.

ఇక తొమ్మిదో పేజీ. ‘ఓం నియమం ప్రకారం ఓల్టేజీ తగ్గితే కరెంటు తగ్గుతుంది, కాబట్టి లో ఓల్టేజీ వల్ల మోటారుకు హాని లేదు.’ ఇది మీ నాన్నగారికి చూపించావా? ఇస్త్రీ పెట్టెకు ఆ నియమం చెల్లుతుంది. మోటారు ఉత్త తీగచుట్ట కాదు. తిరుగుతున్నప్పుడు అది వచ్చే ఓల్టేజీకి ఎదురు నెడుతుంది, దాన్ని మించిన కాస్త ఓల్టేజీకే కరెంటు పారుతుంది. బోరు లోతు మారదు, ఎత్తాల్సిన నీళ్లు మారవు. ఓల్టేజీ పడిపోతే మోటారు మందగించి, ఎదురు నెట్టడం తగ్గి, ఆ పని ఈడ్చడానికి ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. మామూలుగా ఏడున్నర ఆంపియర్లు తీసుకునే 5 హెచ్‌పీ మోటారు పది లాగితే, వైండింగులో వేడి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. మా బావ షాపులో వేసవిలో అడుగుపెడితే మాడిన వార్నిష్ వాసన గొంతులో పట్టేది. వరసగా విప్పిన మోటార్లు, నల్లబడ్డ రాగి చుట్టలు, బయట అరుగు మీద బీడీ కాల్చుకుంటూ రైతులు. ఆ అరుగు మీద నీ వాక్యం చదివి వినిపిస్తే ఏమయ్యేదో నేను చెప్పను.

ఇన్ని తిట్టాక కూడా ఇంత పొడుగు ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, పదకొండో పేజీ కోసం. పొలంలోనే ఇల్లు, చిన్నప్పుడు. చీకటిపడ్డాక నాన్న బోరు దగ్గర స్టార్టర్ నొక్కగానే వంటింట్లో బల్బు ఒక్కసారి మసకబారి మళ్లీ తేరుకునేది. అమ్మ రొట్టె తిప్పుతూ, తల ఎత్తకుండానే, ‘నీళ్లు పెట్టాడు’ అనేది. ఈ రెండు లైన్లు రాసి, వెంటనే ‘సరే, ఇక శ్రేణి సంధానం గురించి తెలుసుకుందాం’ అని పరిగెత్తావు. ఎక్కడికయ్యా అంత తొందర? నీ పద్నాలుగు పేజీలూ ఆ బల్బులో ఉన్నాయి. మోటారు మొదలయ్యేటప్పుడు మామూలుకంటే ఆరింతలు, నలభై ఆంపియర్ల పైన లాగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మీ దాకా వచ్చే తీగ నిరోధం అర ఓము అనుకో. నలభైని అరతో గుణిస్తే ఇరవై ఓల్టులు ఆ తీగలోనే హరించుకుపోయాయి. బల్బుకు మిగిలింది 210. ఫిలమెంటు బల్బు వెలుగు ఓల్టేజీకంటే చాలా త్వరగా పడిపోతుంది, ఆ ఇరవైకే పావు వంతు పోతుంది. కరెంటు, ఓల్టేజీ, నిరోధం మూడూ మీ అమ్మగారికి పెనం ముందు నిలబడితే అందాయి. మొదలు అక్కణ్నుంచి పెట్టు. ట్యాంకు తీసెయ్, నిర్వచనాలు తీసెయ్.

నువ్వడిగిన కలం పేరు సంగతి తర్వాత రాస్తాను.

తిరగరాసేముందు అమ్మగారిని ఒక్కమాట అడుగు. నాన్న మోటారు ఆపినప్పుడు కూడా బల్బు చూసి చెప్పేవారా? నా లెక్క ప్రకారం అప్పుడు పెరిగేది నాలుగు ఓల్టుల లోపే, మామూలు కంటికి ఆనదు. ఆవిడకు ఆనేదేమో కనుక్కుని రాయి.

ఉంటాను.