మిక్సీలో మామిడి డైకిరి గ్లాసులో పోసేలోపే నీళ్లెందుకైతది?

హనుమకొండ ఎండలకు బంగినపల్లితో ఫ్రోజెన్ డైకిరి (రమ్ము, నిమ్మరసం, చక్కెర కలిపి మిక్సీల చేసే చల్లటి డ్రింకు) చేస్తే నీళ్లయిపోతున్నది, ఐస్ పెంచితే రుచి పోతున్నది అని అడిగిన్రు. ఐస్ మీద ఆధారపడితే అట్లనే అయితది. ఐస్ కరిగితే మిగిలేది నీళ్లే. పండునే గడ్డకట్టిస్తే అది కరిగినా పండు రసమే.

మామిడిని అంగుళం కన్నా చిన్న ముక్కలు కోసి, స్టీలు ప్లేట్ల ఒకదానికొకటి తగలకుండ పరిచి రాత్రంతా డీప్ ఫ్రిజ్‌ల పెట్టండి. కుప్పగ పెడితే ఒకటే ముద్దయి బ్లేడు తిరగదు. సింగిల్ డోర్ ఫ్రిజ్ అయితే ముందురోజు సాయంత్రమే నాబ్ పెంచుకోవాలె. రమ్ము సీసా కూడ డీప్ ఫ్రిజ్‌లనే పెట్టండి, 42.8 శాతం మద్యం ఇంటి ఫ్రిజ్ చలికి గడ్డకట్టదు. బీరు, సోడా మాత్రం పెట్టొద్దు, సీసా పగుల్తది. మిక్సీ జార్, గ్లాసులు 15 నిమిషాలు పెడితే చాలు.

రెండు పెద్ద గ్లాసులకు: గడ్డకట్టిన మామిడి 250 గ్రాములు, వైట్ రమ్ 90 మి.లీ., నిమ్మరసం 40 మి.లీ. (మూడు నిమ్మకాయలు, గింజలు వడకట్టి), చక్కెర పాకం 30 మి.లీ., ఐస్ నాలుగైదు గడ్డలు, చిటికెడు ఉప్పు. పాకమంటే కప్పు చక్కెరకు కప్పు నీళ్లు, కరిగేదాక వేడి చేసి చల్లార్చింది, అంతే. చక్కెర నేరుగ వేస్తే చల్లటి దాంట్ల కరగక పంటికి తగుల్తది.

ఎక్కువ మంది చెడగొట్టేది రమ్ము దగ్గరనే. పై కొలతల మద్యం మొత్తంలో 8 శాతం దాక ఉంటది. క్వార్టర్ మొత్తం, అంటే 180 మి.లీ. పోస్తే 13 శాతం దాటుతది, ఇగ ఎంత ఐసేసినా ముద్దగ నిలువదు. మద్యం, చక్కెర రెండూ గడ్డకట్టనియ్యవు. అట్లని పాకం మరీ తగ్గించొద్దు, చల్లదనానికి నాలుకకు తీపి తక్కువ తెలుస్తది. కలిపినప్పుడు కొంచెం ఎక్కువ తియ్యగ అనిపిస్తేనే తాగేటప్పుడు సరిపోతది.

జార్‌ల ముందు రమ్ము, రసం, పాకం పోసి, తర్వాత పండు, పైన ఐస్ వెయ్యండి. మూడొంతుల్లో రెండొంతుల కన్నా ఎక్కువ నింపొద్దు. పల్స్ మీద మూడు నాలుగు సెకన్లు తిప్పుడు, ఆపుడు, ఏడెనిమిదిసార్లు. చివర్ల 15 సెకన్లు ఏకంగ. బ్లేడు ఉత్తగ తిరిగి పైన ముక్కలు కదలకుంటే లోపల గాలి చిక్కినట్టు. నీళ్లు పొయ్యకుండ మిక్సీ ఆపి, గరిటెతో కిందికి నొక్కండి. ఎక్కువసేపు ఏకధాటిగ తిప్పితే జార్ వేడెక్కి అంతా కరుగుతది, మోటార్ కూడ ఆగిపోవచ్చు. ఆగితే కాసేపు చల్లారనిచ్చి, అడుగున ఉండే ఎర్ర బటన్ నొక్కాలె.

మామిడి బదులు వేరే పండ్లయితే: పుచ్చకాయ తొంభై శాతానికి పైగ నీళ్లే, దానికి ఐస్ అసలే వద్దు, పాకం 45 మి.లీ. చెయ్యండి, గింజలన్నీ తియ్యండి. నల్లద్రాక్ష గింజలేనిది అయితే కాయలు కాయలుగనే గడ్డకట్టియ్యొచ్చు. జామ అయితే గుజ్జు వడకట్టి ఐస్ ట్రేల పొయ్యాలె. సీతాఫలం జోలికి పోకండి, గింజలు తీసుడే పెద్ద పని.

పదిమందికి చేసేదుంటే మిక్సీతో ఆఖరి నిమిషంల కుస్తీ పట్టొద్దు. ఐస్ బదులు అంతే కొలత చల్లటి నీళ్లు పోసి మెత్తగ తిప్పి, జిప్ కవర్లల్ల పోసి, పలుచగ పరిచి రాత్రంతా డీప్ ఫ్రిజ్‌ల పెట్టండి. మద్యం ఉన్నందుకు రాయి లెక్క గట్టిపడదు. పొద్దున కవర్ మీదనే చేత్తో పిసికి గ్లాసుల్ల పొయ్యొచ్చు. రమ్ము లేకుండ పిల్లలకు చేస్తే మాత్రం గట్టిగనే అయితది, పావుగంట ముందు బయట పెట్టి మళ్లా మిక్సీల ఒక తిప్పు తిప్పాలె.