పద్దుల నుంచి ఒలింపిక్స్ దాకా

ప్రశ్న: టోక్యో ఒలింపిక్స్ నిర్వహణ సంఘం సీఈవోగా పనిచేసిన తోషిరో ముతో పూర్వం క్రీడాకారుడా?

జవాబు: కాదండీ, ఆయన అచ్చమైన ఆర్థిక శాఖ అధికారి. 1966లో జపాన్ ఆర్థిక శాఖలో చేరి, అధికారులకు దక్కే అత్యున్నత పదవి దాకా ఎదిగి, 2003లో ఆ దేశ కేంద్ర బ్యాంకైన బ్యాంక్ ఆఫ్ జపాన్ డిప్యూటీ గవర్నర్ అయ్యారు. 2008లో గవర్నర్ పదవికి ప్రభుత్వం ఆయన పేరు ప్రతిపాదిస్తే, ప్రతిపక్షాల ఆధిక్యం ఉన్న ఎగువ సభ తోసిపుచ్చింది, చేతికందింది నోటికందలేదన్నమాట. 2014లో ఒలింపిక్స్ బాధ్యత చేపట్టారు. లెక్కలు తెలిసిన మనిషికి అది తగిన కొలువే గాని, కరోనా వల్ల పోటీలు ఏడాది వాయిదా పడి, 2021 జులై 23న ప్రారంభోత్సవం నాటికి జాతీయ స్టేడియంలో ప్రేక్షకుల బదులు అయిదు రంగుల ఖాళీ కుర్చీలే మిగిలాయి.