ముందు ఎవరి బాకీ తీర్చాడు?

అమ్మాయీ,

నీ నవల రాతప్రతి అందింది. చదివాను, కొన్ని అధ్యాయాలు రెండోసారి కూడా చదివాను. వాక్యం బాగుంది. చీరాల బాగుంది. క్లాత్ మార్కెట్ దగ్గర తెల్లవారుజామున బేళ్లు దింపే దృశ్యం మరీ బాగుంది. పేచీ అంతా మనుషుల దగ్గరే వచ్చింది. అందుకని ఈ ఉత్తరం మొత్తం వాళ్ల గురించే రాస్తున్నాను. కాస్త ఘాటుగా ఉంటుంది, ఏమనుకోకు.

కథ నేను అర్థం చేసుకున్నది ఇది. 2003 సంవత్సరం. సుబ్బారావు బట్టల వ్యాపారి, దాంతోపాటు చీటీలు నడుపుతాడు. దెబ్బతిని ఐపీ, అంటే కోర్టులో దివాలా పిటిషన్, పెడతాడు. వీధి వీధినా జనం డబ్బు పోతుంది. తమ్ముడు మురళి స్కూలు టీచరు. అన్న వైపు నిలబడాలా, ఊరి వైపు నిలబడాలా అని నలిగిపోయి, ఆఖరికి బస్టాండులో నలుగురి ముందూ అన్నను నిలదీస్తాడు. పోలీసులు వచ్చి అన్నను తీసుకుపోతారు. అంతేగా?

ముందు సుబ్బారావు సంగతి చూద్దాం. మొదటి పేజీలోనే మెడలో పులిగోరు గొలుసు, ఎర్రటి కళ్లు, గుమాస్తాల మీద కేకలు. ఇలాంటివాడికి చీరాలలో ఎవరమ్మా నెలనెలా డబ్బు కట్టేది? చీటీలు నడిపేవాడు అర్ధరాత్రి ఎవరికో నొప్పులొస్తే తన కారు పంపేవాడై ఉంటాడు. ఎవరింట్లో చావు జరిగినా ముందుగా వచ్చి, ఖర్చు డబ్బు ఎవరి చేతిలో పెట్టాలో అడగకుండానే తెలుసుకునేవాడై ఉంటాడు. వందో పేజీకి వచ్చేసరికి నాకు కూడా అతని దగ్గర ఒక చీటీ వేయాలనిపించాలి. అప్పుడు కదా అతను మునిగితే నా డబ్బు పోయినట్టుండేది.

మునగడం కూడా నువ్వు రాసినట్టు పేకాటలో జరగదు. చీటీలో నెలనెలా పాట జరుగుతుంది, ఎక్కువ తరుగు వదులుకున్నవాడు ఆ నెల డబ్బు ఎత్తుతాడు, ఆ తరుగే మిగతావాళ్లకు పాట లాభం. అలా ఎత్తినవాడు తర్వాతి కంతులు ఎగ్గొడితే, ఆ నెల పాట పాడుకున్నవాడికి నడిపేవాడే సర్దాలి. సర్దకపోతే మాట పోతుంది. మూడు రూపాయల వడ్డీకి తెచ్చి సర్దుతాడు. ఆ అప్పు తీర్చడానికి ఇంకో చీటీ మొదలుపెడతాడు, మొదటి నెల చీటీ ఎలాగూ నడిపేవాడిదే కాబట్టి. అంటే సుబ్బారావు మునిగింది కొంత తన పేరు నిలబెట్టుకోవాలన్న పంతంతోనే. పేకాట తీసేయ్, ఇది పెట్టు. అతని మీద జాలి, కోపం రెండూ ఒకేసారి కలుగుతాయి.

ఇప్పుడు అసలు మాట. నీ పాత్రలన్నిటికీ అభిప్రాయాలు ఇచ్చావు. మురళికి న్యాయం ముఖ్యం, అమ్మకు పరువు ముఖ్యం, బావకు డబ్బు ముఖ్యం. ఇవన్నీ వాళ్ల నోటితోనే చెప్పించావు. కుటుంబ బంధం మాటల్లో పట్టుబడేది కాదు. ఐపీ పెట్టబోయే మనిషి చేతిలో కొంత డబ్బు మిగిలి ఉంటుంది. అందరికీ చాలదు. ముందు ఎవరి బాకీ తీర్చాడు? తర్వాత ఎవరిది? ఎవరిది అసలు లెక్కలోకే తీసుకోలేదు? ఈ వరస ఒక కాగితం మీద రాసుకో. నీ నవలలో మనుషులెవరో నీకే తెలుస్తుంది. మామగారికి ఇచ్చేశాడా? కేసు వాదించబోయే లాయరు బంధువుకి ఇచ్చేశాడా? సొంత మేనత్తను పక్కనపెట్టి, రేపు గొడవ చేయగల రైస్ మిల్లు వాళ్లకు ఇచ్చాడా? మేనత్త ఏమీ అనదన్న ధీమాతోనే ఆవిడకు ఎగ్గొట్టి ఉంటే, దానికి మించిన క్రూరత్వం నువ్వు రాసిన కేకల్లో ఎక్కడా లేదు.

ఇందులో చట్టం నీకు చాలా సాయపడుతుంది. నీ నవలలో సుబ్బారావు లాయరు దగ్గరికి వెళ్లిన మర్నాడే ఐపీ పెట్టేశాడు. అలా పెట్టడు. ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ యాక్టు 1920 నాటిది. అప్పులు 500 రూపాయలకు చేరితే చాలు, తీర్చలేనివాడు పిటిషన్ వేసుకోవచ్చని అందులో ఉంటుంది. ఆ రోజుల లెక్క అది. అదే చట్టంలో ఇంకో రెండు గడువులున్నాయి. పిటిషన్‌కు ముందు మూడు నెలల లోపు కావాలని ఒకరికి ముందుగా బాకీ తీర్చినట్టు తేలితే ఆ చెల్లింపు నిలవదు, దివాలా ఆస్తి చూడటానికి కోర్టు పెట్టిన రిసీవరు వెనక్కి లాగొచ్చు. రెండేళ్ల లోపు ఊరికే రాసిచ్చిన ఆస్తి కూడా అంతే. కాబట్టి తెలివైన లాయరు ఏమంటాడు? "ఇవ్వాల్సినవాళ్లకు ఇప్పుడే ఇచ్చేసెయ్యండి. తర్వాత మూడు నెలలు నోరు మెదపకుండా ఉండండి" అంటాడు.

ఆ మూడు నెలలూ నీ నవలలో లేవు. నా లెక్కలో నీ నవల అంటే ఆ మూడు నెలలే.

వినాయక చవితి వెళ్లాక లాయరును కలిశాడనుకో. పిటిషన్ పడేది డిసెంబరు ఆఖర్లో. ఈ మధ్యలో ఇంటిల్లిపాదీ ఏమీ తెలియనట్టు తిరగాలి. దసరాకు బట్టలు కొనాలి, దీపావళికి మతాబులు కాల్చాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, నెలనెలా చీటీ డబ్బు వసూలు చేస్తూనే ఉండాలి. ఆపితే అనుమానం వస్తుంది. దివాలా తీయడం దౌర్భాగ్యం, దాన్ని ఎవరైనా క్షమిస్తారు. మునుగుతున్నామని తెలిసి కూడా ఇంకో మూడు కంతులు పుచ్చుకోవడాన్ని ఎవరు క్షమిస్తారు? అది ఒక్కడు చేసే పని కూడా కాదు. ఇల్లంతా కలిస్తేనే అవుతుంది.

నీ నవలలో అమ్మ ఎప్పుడూ దేవుడి గది ముందు ఏడుస్తూ ఉంటుంది. ఆవిడను లేపి వెనక వాకిట్లో కూర్చోబెట్టు. ఆడవాళ్ల చీటీ కంతులు ఆవిడే పుచ్చుకుంటుంది. నవంబరు. ముసురు పట్టింది. నేత నూలుకు కండెలు చుట్టే నాగరత్నం వస్తుంది. కొంగు ముడి విప్పి అయిదు వందలు ఇస్తుంది, అన్నీ పదులూ ఇరవైలూ. మగ్గం గుంటలోకి నీళ్లొచ్చి ఇంట్లో పని ఆగిపోయిందనీ, అందుకే రెండు రోజులు ఆలస్యమైందనీ సంజాయిషీ చెప్పుకుంటుంది. అమ్మ లెక్కపెట్టుకుని పుస్తకంలో రాస్తుంది. "నీళ్లు తీశాయా?" అని అడుగుతుంది. "ఎక్కడమ్మా, తోడేకొద్దీ ఊరుతున్నాయి." నాగరత్నం వెళ్లబోతుంటే వెనక్కి పిలిచి, పెరట్లో కాసిన దొండకాయలు ఒళ్లో పోస్తుంది.

ఇలాగే రాయమని చెప్పడం లేదు, ఇలాంటి చోట వెతకమంటున్నాను. ఆ దొండకాయలు ఎందుకు పోసిందో అమ్మకు తెలుసు, పాఠకుడికీ తెలుసు. నువ్వు మధ్యలో దూరి వివరించకు. నీకు ఆ అలవాటు ఎక్కువగా ఉంది. ప్రతి సంభాషణ తర్వాతా "ఆమె గుండెలో అగ్నిపర్వతం బద్దలైంది" లాంటిది ఒకటి తగిలిస్తున్నావు. తీసేయ్.

మురళి దగ్గరికి వద్దాం. నీకు ముద్దొచ్చే పాత్ర అతనే అని ప్రతి పేజీలోనూ తెలుస్తోంది. అందుకే అతనికి ఒక్క మరక కూడా అంటనివ్వలేదు. పాఠకుడికి అతని మీద నమ్మకం కుదరనిది అందుకే. ఒక లెక్క చెప్తాను చూడు. ఇరవై మంది, ఇరవై నెలలు, నెలకు 500. పదివేల చీటీ. జనవరిలో మొదలైంది. ఫిబ్రవరిలో, అంటే రెండో పాటలోనే, అమ్మ పేరు మీద చీటీ ఎత్తారు. చేతికి 7,500 వచ్చింది. ఆ డబ్బు మురళి భార్య ఆపరేషన్‌కి పోయింది. నాగరత్నం మాత్రం ఎత్తలేదు. ఆఖర్న ఎత్తితే తరుగు పోకుండా వస్తుంది, కూతురి పెళ్లికి పనికొస్తుందని ఆగింది. డిసెంబరుకు చీటీ చచ్చిపోయింది. నాగరత్నం కట్టింది పన్నెండు కంతులు, అంటే 6,000, పాట లాభం పోతే కాస్త తక్కువ. వచ్చింది సున్నా. అమ్మ కంతులు నిజంగా కట్టిందో, పుస్తకంలో కట్టినట్టు రాసుకున్నారో ఎవరికి తెలుసు? కట్టినా కూడా మురళి ఇల్లు లాభంలోనే ఉంది.

ఇప్పుడు చెప్పు, మురళి బస్టాండులో నిలబడి ఎవర్ని నిలదీస్తాడు? భార్య కడుపు మీద కుట్లలో నాగరత్నం డబ్బుంది. అతనికి అన్న మీద ఉన్నది వట్టి ప్రేమ కూడా కాదు. చదువు చెప్పించిన రుణం, ఆపరేషన్‌కి అడక్కుండానే డబ్బు తెచ్చిచ్చిన రుణం. అలాంటివాడు అన్నను ఎదిరించడానికి నోరు తెరవలేడు. చేత్తో చేసే పని ఏదైనా ఇవ్వు. పిటిషన్‌తో పాటు అప్పులవాళ్ల జాబితా కోర్టుకివ్వాలి. టీచరు కదా, దస్తూరీ బాగుంటుంది, నువ్వే రాయి అని అన్న కాగితాలు ముందు పెడతాడు. ప్రామిసరీ నోట్లున్నవాళ్ల పేర్లు వరసగా రాస్తాడు. నాగరత్నానికి నోటు లేదు, ఉన్నది అట్ట చిరిగిన చీటీ పుస్తకమే. లాయరు ఆ పేరు అక్కర్లేదన్నాడు. మురళి రాస్తాడా, మానేస్తాడా? రాస్తే ఆమెకు కోర్టు నోటీసు వస్తుంది, బెదిరిపోతుంది. మానేస్తే ఆమెకు అసలు రావలసిందే లేదన్నట్టవుతుంది. ఏది చేసినా తప్పే అయ్యే ఆ ఒక్క పేరు దగ్గర నువ్వు పది పేజీలు ఆగినా నాకు విసుగు రాదు.

నాగరత్నాన్ని కూడా అంత అమాయకురాలిని చేయకు. ఆ పేటలో ఇంకో ఆరేడుగురు ఆడవాళ్లు ఈమె మాట మీదే చీటీలో చేరి ఉంటారు. తోడికోడలు చేరి ఉంటుంది, ఆసు పోసే పక్కింటావిడ చేరి ఉంటుంది. మనిషిని చేర్చినందుకు సుబ్బారావు పండక్కి ఒక చీర పెట్టి ఉంటాడు. చీటీ పోయాక వాళ్లందరూ ఎవరి గుమ్మం ముందు కూర్చుంటారు? సుబ్బారావు మేడ ముందు కూర్చునే ధైర్యం వాళ్లకు లేదు. నాగరత్నం పాక ముందు కూర్చుంటారు. ఆ చీర కట్టుకుని ఆమె ఒకసారి పేరంటానికి వెళ్లింది, అది అందరికీ గుర్తుంటుంది. చిన్న ఊళ్లో అన్యాయం పైనుంచి కిందికి దిగి, చివరికి కిందున్నవాళ్ల మధ్యే తగువుగా మిగులుతుంది. ఆ తగువు నీ నవలలో ఒక్క పేజీ కూడా లేదు.

కులం పేరు ఎక్కడా రాయలేదు నువ్వు. జాగ్రత్తకే అయి ఉంటుంది. పేరు రాయమని నేనూ పట్టుబట్టను. కానీ పంచాయితీకి వచ్చినవాళ్లలో కుర్చీ ఎవరికి వేశారు, అరుగు మీద ఎవరు కూర్చున్నారు, మెట్ల కింద చెప్పుల దగ్గర నిలబడి ఎవరు మాట్లాడారు, ఇది కనపడకపోతే అది మన ఊరు అవదు. బాకీలు తీర్చిన వరస, కూర్చున్న వరస ఇంచుమించు ఒకటే అవుతుంది, చూసుకో.

కొన్ని చిల్లర తప్పులున్నాయి. బాధితులను కలెక్టరుకు అర్జీ ఇవ్వడానికి బాపట్ల పంపావు. చీరాల బాపట్ల జిల్లాలోకి వెళ్లింది 2022 ఏప్రిల్‌లో. 2003లో అది ప్రకాశం జిల్లా, వాళ్లు రైలెక్కాల్సింది ఒంగోలుకి. నాగరత్నం చేతిలో సెల్‌ఫోన్ పెట్టావు, అప్పటికి అది సుబ్బారావు చేతిలో ఉంటే చాలు. ప్రామిసరీ నోటు గడువు మూడేళ్లు. ఆలోపు ఎంతో కొంత జమ వేయించుకుని, నోటు వెనక చెల్లు రాయించి సంతకం తీసుకుంటేనే మళ్లీ మూడేళ్లు. నీ నవలలో రిటైర్డ్ మాస్టారు ఎనిమిదేళ్ల నాటి నోటు పట్టుకుని కోర్టుకు వెళ్లాడు. అది చెల్లదు. పైగా నువ్వొక మంచి సన్నివేశం పోగొట్టుకున్నావు. పాత శిష్యుడి ఇంటికి వెళ్లి, "ఒక వంద రూపాయలిచ్చి చెల్లు వెయ్యరా" అని అడగలేక, కాఫీ తాగి వచ్చేసిన మాస్టారు.

ఇక ముగింపు. అరెస్టు తీసేయ్. పోలీసు జీపు ఎక్కించేస్తే పాఠకుడు హాయిగా పుస్తకం మూసి నిద్రపోతాడు. మన దగ్గర న్యాయం ఆ వేగంతో రాదు, వచ్చింది నిలుస్తుందన్న భరోసా కూడా లేదు. చీరాలకు ఎంతో దూరం లేని చుండూరు సంగతే చూడు. 1991 ఆగస్టులో ఎనిమిది మంది దళితులను చంపారు. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టినా తీర్పు వచ్చేసరికి 2007. అందులో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు శిక్షలన్నీ కొట్టేసింది. నీ చీటీల కథను దానితో పోల్చడం లేదు, రెండూ ఒక తూకానివి కావు. కాలం సంగతి చెప్తున్నాను. అన్నేళ్లలో సాక్షులు ముసలివాళ్లవుతారు, చనిపోతారు, వియ్యమందుకుంటారు. నీ నవల డిసెంబరులో ఆగిపోవద్దు. ఓ ఆరేడేళ్లు ముందుకు పోనీ. సుబ్బారావు కూతురి పెళ్లి పెట్టు. మురళి పిలుపు కార్డులు పంచడానికి వెళ్తాడు. ఊళ్లో అందరూ వస్తారు, ఐపీలో డబ్బు పోయినవాళ్లలో సగం మంది కూడా వస్తారు, చదివింపులు కూడా రాయిస్తారు. నాగరత్నం పేటకు కార్డు తీసుకెళ్లాలా వద్దా అన్నది మురళి ఎవర్ని అడుగుతాడో నాకు తెలియదు. అమ్మను అడిగితే ఒక నవల అవుతుంది, భార్యను అడిగితే ఇంకొకటి అవుతుంది. అది నువ్వు తేల్చుకోవాలి.

ఇప్పుడే మొత్తం తిరగరాయడానికి కూర్చోకు. ముందు ఆ బాకీల వరస కాగితం మీద పెట్టు, తర్వాత సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా రాసి పంపు. బస్టాండు ఉపన్యాసం కొట్టేయడానికి మనసొప్పకపోతే విడిగా ఒక ఫైల్లో దాచుకో, ఎవరూ కాదనరు. సంక్రాంతి వెళ్లేదాకా నేను ఊళ్లోనే ఉంటాను. ఈసారి ప్రింటు తీయించేటప్పుడు అక్షరం కాస్త పెద్దది పెట్టించు, కాగితానికి ఒకవైపే. పక్కన రాసుకోవడానికి నాకు చోటుండాలి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు