ఆట మొదలుపెడితే కంప్యూటర్ ఆగిపోతోంది

ప్రశ్న: కొత్త గ్రాఫిక్స్ కార్డు వేశాక, ఆట ఆడుతుంటే కంప్యూటర్ ఠక్కున ఆగిపోతోంది. మామూలు పనులకు బాగానే ఉంది. పవర్ సప్లై 450 వాట్లది. మార్చాలా?

జవాబు: ముందు ప్రాసెసర్, కార్డు వేడి ఎంతుందో చూడండి. అది మామూలుగానే ఉంటే అనుమానం సప్లై మీదే. సప్లై నుంచి మదర్‌బోర్డుకు వెళ్లే పెద్ద కనెక్టర్‌ను ఊడదీసి, అందులోని ఆకుపచ్చ తీగను నల్లతీగకు కలిపితే సప్లై ఫ్యాన్ తిరిగిందని నిశ్చింతగా ఉండొద్దు. లోడు లేని ఆ పరీక్ష చెప్పేది చాలా తక్కువ. ఆట నడుస్తుండగా నాలుగు పిన్నుల మోలెక్స్ కనెక్టర్‌లో పసుపు, నలుపు తీగల మధ్య మల్టీమీటర్ పెట్టండి. 11.4 వోల్టుల కంటే తగ్గితే సప్లై చాలడం లేదు. సరిగ్గా 12 చూపినా నిర్దోషి అనలేం. కార్డు కొన్ని మిల్లీసెకన్లపాటు లాగే అదనపు కరెంటును మీటర్ పట్టుకోలేదు, సప్లైలోని రక్షణ వలయం మాత్రం పట్టుకుని ఆపేస్తుంది.

కార్డుకు రెండు 8 పిన్నుల సాకెట్లుంటే ఒకే కేబుల్ కొసలు రెండూ గుచ్చకుండా, విడివిడి కేబుళ్లు వాడి చూడండి.

కార్డు 220, ప్రాసెసర్ 125, మిగతావి 75 వాట్లు అనుకుంటే మొత్తం 420. పైన చెప్పిన క్షణకాలపు అదనపు కరెంటుకూ చోటుండాలి కాబట్టి దీనికి 650 వాట్లది తీసుకోండి. పెట్టె మీది అంకె కాదు, లేబుల్‌పై 12 వోల్టుల వరుసలో ఆంపియర్లు చూడాలి: 54 ఉంటే, 12తో గుణిస్తే 648 వాట్లు. 80 ప్లస్ ముద్ర కరెంటు ఆదాకే, నాణ్యతకు హామీ కాదు.

పాత సప్లై మాడ్యులర్ కేబుళ్లు (సప్లై నుంచి ఊడదీయగలిగేవి) కొత్తదానికి తగిలించొద్దు. సప్లై వైపు పిన్నుల అమరిక వేరైతే డిస్కులు కాలిపోతాయి.