టెక్ సందేహాలు: కీ పోయిందా, ఎవరి దగ్గరైనా ఉందా?

ప్రశ్న: థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాములో ఓపెన్‌పీజీపీ (మెయిల్స్‌కు తాళం వేసే పద్ధతి) పెట్టుకుని రెండేళ్లుగా ఒక క్లయింట్‌తో ఎన్‌క్రిప్టెడ్ మెయిల్స్ నడుపుతున్నాను. ఈమధ్య షాపులో లాప్‌టాప్ ఫార్మాట్ చేయించాను. అకౌంట్ మళ్లీ కలిపితే మెయిల్స్ అన్నీ వచ్చాయి, ఒక్కటీ తెరుచుకోవడం లేదు. కొత్త కీ చేసుకున్నా అంతే. పాస్‌వర్డ్ రీసెట్ ఎలా? (ఒక పాఠకుడు, హనుమకొండ)

జవాబు: రీసెట్ లేదండీ. కీ అంటే పాస్‌వర్డ్ కాదు, మీ కంప్యూటర్‌లో ఉండే రహస్య తాళంచెవి. పాత కీతో మూసిన మెయిల్‌ను కొత్త కీ తెరవదు. సర్వర్‌లో ఉన్నదీ ఆ తాళం వేసిన కాపీయే. ఊళ్లు మారుతున్నాయి గానీ ఇదే ఉత్తరం నాకు వస్తూనే ఉంది.

ఒకప్పుడు ఎనిగ్‌మెయిల్ అనే యాడ్-ఆన్, దానికి తోడు అసలు ఎన్‌క్రిప్షన్ పని చేసే గ్నూపీజీ అనే ప్రోగ్రాము విడిగా ఎక్కించుకోవాల్సి వచ్చేది. తలనొప్పే. కానీ ఆ తంటాలు పడ్డవాడికి తన కీ ఎక్కడుందో తెలిసేది. 2020లో వచ్చిన 78వ వెర్షన్ నుంచి ఈ పని థండర్‌బర్డ్ లోపలే అయిపోతోంది. నాలుగు క్లిక్కులు, కీ రెడీ. మెయిల్ ప్రోగ్రాములు చేసేవాళ్లను నేను అడిగేది ఒక్కటే: బ్యాకప్ తీసుకునేదాకా కీ తయారుచేసే ఆ కిటికీ మూసుకోకుండా చేస్తే ఏం పోయింది?

మీ పాత ప్రొఫైల్ ఫోల్డర్ (థండర్‌బర్డ్ మీ మెయిల్స్, కీలు, సెట్టింగ్స్ దాచుకునే చోటు) కాపీ ఎక్కడైనా ఉంటే కీ దొరుకుతుంది. విండోస్‌లో అది యాప్‌డేటాలో రోమింగ్, అందులో థండర్‌బర్డ్ కింద ఉంటుంది. షాపువాళ్లను అడగండి, ఫార్మాట్‌కు ముందు డేటా తమ డిస్క్‌లోకి తీసుకోవడం మామూలే.

నా టెన్షన్ కూడా అక్కడే. కీ పోయిందని మీరు బాధపడుతున్నారు. ఆ డిస్క్‌లో కాపీ ఉంటే అది పోలేదు, మీ దగ్గర లేదు, అంతే. ప్రైమరీ పాస్‌వర్డ్ (థండర్‌బర్డ్ దాచుకున్న పాస్‌వర్డ్‌లకు కాపలా కాసేది) పెట్టుకోకపోతే థండర్‌బర్డ్ కీకి తనే ఒక పాస్‌వర్డ్ తయారుచేసి అదే ఫోల్డర్‌లో ఉంచుతుంది. ఆ ఫోల్డర్ చేతికి వచ్చినవాడు మీ మెయిల్స్ చదవగలడు, మీ పేరుతో సంతకం కూడా చేయగలడు. తాళం వేసితిని గొళ్లెం మరచితిని అన్నట్టు ఉంది మన ఎన్‌క్రిప్షన్. సెట్టింగ్స్‌లో ప్రైవసీ దగ్గర ప్రైమరీ పాస్‌వర్డ్ ఇవాళే పెట్టుకోండి.

షాపును మాత్రం ఏమని అంటాం? మన ఆడిటర్ల డ్రాయర్లు చూశారా? క్లయింట్ల డీఎస్సీ యూఎస్‌బీ టోకెన్లు (టీచర్ పోస్టుల డీఎస్సీ కాదు, డిజిటల్ సంతకం సర్టిఫికెట్) రబ్బర్ బ్యాండ్ చుట్టి, ఒక్కోదాని మీద స్టిక్కర్‌తో పిన్ రాసి ఉంటాయి. టోకెన్ లోంచి కీ బయటికి రాకుండా అంత కట్టుదిట్టంగా తయారుచేస్తే, మనం టోకెన్‌నే ఇచ్చేసి వస్తాం. ఐటీ చట్టం 2000లో 42వ సెక్షన్ ప్రకారం ప్రైవేట్ కీని అదుపులో ఉంచుకోవాల్సింది సర్టిఫికెట్ తీసుకున్న మనిషే. ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టి ఇవ్వమంటే ఏ వ్యాపారీ ఒప్పుకోడు. టోకెన్ దగ్గరికొచ్చేసరికి మాత్రం "మా సార్ దగ్గరే ఉంటుందిలెండి" అంటాడు.

సరే, మీ సంగతి. పాత మెయిల్స్ మీ క్లయింట్ దగ్గర తెరుచుకుంటాయి, కావలసినవి మీ కొత్త కీకి మళ్లీ పంపమనండి. అంతకంటే ముందు ఆయనకు ఫోన్ చేయండి. మీ పేరు, మీ మెయిల్ అడ్రస్ పెట్టి ఎవరైనా ఒక కీ తయారుచేయొచ్చు. కొత్త కీ మీదేనని ఆయనకు మెయిల్‌లో చెబితే ఏం నమ్మకం? కీ ఫింగర్‌ప్రింట్‌లో (వేలిముద్ర కాదు, ఆ కీని గుర్తుపట్టే కోడ్) అక్షరాలు, అంకెలు కలిపి 40 ఉంటాయి. నాలుగేసి చొప్పున చదవండి, ఆయన తన స్క్రీన్ మీద సరిచూసుకుంటారు. ఆ తర్వాత ఓపెన్‌పీజీపీ కీ మేనేజర్‌లో ఫైల్ మెనూకి వెళ్లి సీక్రెట్ కీ బ్యాకప్ తీసి, గట్టి పాస్‌వర్డ్ పెట్టి, పెన్‌డ్రైవ్‌లో వేసి బీరువాలో పెట్టుకోండి. దాన్ని మీకు మీరే మెయిల్ చేసుకోకండి. మొన్న ఒకాయన ఆ పనే చేసి, "ఇది సేఫేనా సార్" అంటూ ఆ ఫైల్‌ను నాకు కూడా జతచేసి పంపారు.