స్టెప్పర్ ఎక్కే ముందు ఒక మాట

చిన్నీ,

ఇంట్లోనే మెట్లెక్కినట్టు రెండు పెడళ్లు తొక్కే ఆ స్టెప్పర్ యంత్రం వచ్చిందని, మొదటి రోజే అరగంట తొక్కేశానని మొన్న ఫోన్లో గొప్పగా చెప్పావు. నిన్న కుర్చీలోంచి లేవడానికి నానా తంటాలు పడ్డావని మీ అమ్మ చెప్పింది. నవ్వొచ్చింది కానీ, నాలుగేళ్ల కిందట నేను చేసిందీ అదే. సీరియల్ మొదలవగానే ఎక్కి, అది అయిపోయాక దిగాను. మర్నాడు మేడ మెట్లు రెయిలింగ్ పట్టుకుని, వెనక్కి తిరిగి దిగాల్సి వచ్చింది.

మొదటి వారం పొద్దున ఐదు నిమిషాలు, సాయంత్రం ఐదు నిమిషాలు. ఇంతేనా అనిపిస్తుంది, అనిపించనీ. తొడలు, పిక్కలు అలవాటు పడ్డాక వారానికి రెండు మూడు నిమిషాలు పెంచుకో. పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. నీ నడక కూడా ఆ లెక్కలోకే వస్తుంది. అంతా దీని మీదే తొక్కక్కర్లేదు.

ఎక్కేటప్పుడు ముందు కిందికి దిగి ఉన్న పెడల్ మీదే కాలు పెట్టు. పైనున్న దాని మీద పెట్టావా, అది కిందికి జారి నువ్వు తూలుతావు. కొన్నాళ్లు గోడ పక్కన పెట్టుకుని ఒక చెయ్యి ఆనించు. ఆనించమన్నాను కదా అని వాలిపోకు, నడుం పట్టేస్తుంది.

అసలు సంగతి మోకాళ్లది. పాదమంతా పెడల్ మీద ఉండాలి, మడమ గాల్లో వేలాడకూడదు. కాలు పూర్తిగా చాచి బిగించకు, మోకాలు కాస్త వంగే ఉండాలి. పెడల్ అడుక్కి తగలకముందే రెండో కాలు మార్చు. టక్ టక్ మని చప్పుడొస్తోందంటే చివరిదాకా తొక్కేస్తున్నావన్నమాట. ఆ దెబ్బ నీ మోకాలికీ తెలుస్తుంది, కింద ఫ్లాట్ వాళ్లకీ తెలుస్తుంది. వేళ్లు తిమ్మిరెక్కితే దిగి నాలుగడుగులు నడిచి మళ్లీ ఎక్కు.

పెడళ్ల కింద బైక్ షాక్ అబ్జార్బర్లలాంటి గొట్టాలు రెండున్నాయి చూడు, వాటిలో నూనె ఉంటుంది. తొక్కే కొద్దీ అది వేడెక్కి పల్చబడుతుంది, పెడల్ తేలిగ్గా దిగిపోతుంది. అది తెలియక కాళ్లకి బలం వచ్చేసిందని ఒకరోజు తెగ మురిసిపోయాను. దిగి, యంత్రాన్ని పక్కకి జరపబోయి గొట్టం పట్టుకున్నాను. పెనం పట్టుకున్నట్టే! మీ బుజ్జిగాడి చేతులు అటు పోనివ్వకు. ఆపకుండా ఎన్ని నిమిషాలు తొక్కొచ్చో, ఎంత బరువు మోస్తుందో దాంతో వచ్చిన కాగితంలో ఉంటుంది, పారేయకుండా చదువు. నేల మీద నూనె మరక కనిపిస్తే మాత్రం గొట్టం కారుతున్నట్టే, ఇక ఎక్కొద్దు.

ఆ చిన్న తెర మీద క్యాలరీల అంకె ఒకటి తిరుగుతూ ఉంటుంది. నీ బరువెంతో అడగని యంత్రానికి నువ్వెంత ఖర్చు చేశావో ఏం తెలుస్తుంది? దాన్ని నమ్ముకుని ఇంకో రెండు పూరీలు వేసుకోకు. తొక్కుతూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. నాకు అదే కొలత. గుండెల్లో పట్టేసినట్టున్నా, కళ్లు తిరిగినా వెంటనే ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లు, రేపు చూద్దాంలే అనుకోకు.

మీ అమ్మ కూడా ఎక్కుతానంటోందట. షుగర్ వల్ల తనకి అరికాళ్లలో స్పర్శ తగ్గింది కదా, డాక్టర్ని అడిగాకే ఎక్కనివ్వు. ఎక్కినా బూట్లతోనే, ఉత్త కాళ్లతో వద్దు.

తొక్కుతూ చేతులతో లాగడానికి స్టెప్పర్‌కి తగిలించిన ఆ రబ్బరు తాళ్లు ఇప్పటికి విప్పి లోపల పెట్టు. కాళ్లే ఇంకా కుదురుకోలేదు, చేతులు కూడా ఆడిస్తే తూలిపోతావు. సంక్రాంతికి వచ్చినప్పుడు ఎలా లాగాలో నేనే దగ్గరుండి చూపిస్తాను.

మీ పెద్దమ్మ