ఇస్త్రీ పెట్టెకు ఆ పేరు ‘స్త్రీ’ వల్ల వచ్చిందా?

‘ఇస్త్రీ’ అనే మాట ‘స్త్రీ’ నుంచి పుట్టిందా, ఇంట్లో ఆడవాళ్లు చేసే పని కాబట్టి అలా పిలిచారా అని అడిగారు. కాదండి. ఇది పోర్చుగీసు నుంచి వచ్చిన మాట. వాళ్ల భాషలో ‘ఎస్తిరార్’ అంటే సాగదీయడం, లాగి చాపడం. మేస్త్రీ, అల్మారా కూడా అక్కడివే.

1498లో వాస్కో డ గామా కోళికోడ్ చేరిన తర్వాత, మన తీరాల్లోని రేవుల్లో చాలాకాలం బేరాలకు పోర్చుగీసు కలిసిన భాషే పనికొచ్చింది. తర్వాత వచ్చిన డచ్చివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ కూడా దాన్నే వాడుకున్నారు. మన గోదావరి డెల్టాలో పాలకొల్లులో డచ్చివాళ్లు, నరసాపురం పక్కన మాధవాయపాలెంలో ఇంగ్లీషువాళ్లు, యానాంలో 1954 దాకా ఫ్రెంచివాళ్లు ఉన్నారు. ఇక్కడ వాళ్లు కోరి కొన్న సరుకుల్లో ముఖ్యమైనది మన నేతబట్ట. మాధవాయపాలెం పేరు మీదే ‘మడపోలం’ అనే నూలుగుడ్డ ఐరోపాలో పేరు తెచ్చుకుంది.

‘స్త్రీ’ అనుకోవడానికి కారణం లేకపోలేదు. స్కూలుని ఇస్కూలు, స్టేషన్ని ఇస్టేషను అనే పెద్దవాళ్లు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. అలాగే స్త్రీ ముందు ఒక ‘ఇ’ చేరిందని అనిపిస్తుంది. కానీ ఇస్కూల్లో ‘ఇ’ మనం చేర్చుకున్నది, ఇస్త్రీలో ‘ఇ’ మాటతోపాటే వచ్చింది. తమిళులు ‘ఇస్తిరి’ అంటారు, అది అసలు మాటకు ఇంకా దగ్గరగా ఉంటుంది. కన్నడం, మరాఠీ, హిందీల్లోనూ ఇదే మాట ఉంది.

అర్థం సంగతి నాకు పుస్తకంలో కంటే మా వీధిలో బాగా తెలిసింది. మాది అమలాపురం వైపు. ఇస్త్రీ బండి దగ్గర బాబాయి పని చేస్తుంటే చిన్నప్పుడు గంటలు గంటలు నిలబడి చూసేవాణ్ణి. పిన్ని నీళ్లు చిలకరించి బట్ట చుట్టి ఉంచేది. బాబాయి ఎడమ చేత్తో అంచు బిగించి లాగి, కుడి చేత్తో పెట్టె నడిపేవాడు. ఎందుకలా లాగుతారని అడిగితే, “ఆయ్, లాక్కపోతే ముడత ఎక్కడికి పోద్దండి? వేడి తగిలితే సరిపోదు” అన్నాడు. పెట్టెలో కొబ్బరి చిప్పల బొగ్గు. కోనసీమలో చిప్పలకు కొదవేముంది? ఆ నిప్పు గట్టి వేడినిస్తుంది, చాలాసేపు నిలుస్తుంది, బూడిద తక్కువ. కాలరు, చేతులు అయ్యాక మధ్యలో పెట్టె మూత తీసి గాలి విసిరితే నిప్పు మళ్లీ ఎర్రబడేది. అరవై చొక్కాలున్నా ఒక్కదానికీ మసి అంటేది కాదు. ఆ పనితనం అంటే నాకు చాలా గౌరవం. మొగుడూ పెళ్లాం ఇద్దరూ కలిసి చేసే పని అది, ‘ఆడవాళ్ల పని కాబట్టి’ అనే వివరణ ఆ లెక్కన కూడా నిలబడదు.

ఇక మనకు సొంత మాట లేదా అంటే, ఉంది: చలువ. బట్టలు తెల్లగా ఉతికి, గంజి పెట్టి, మడతలు పెట్టడాన్ని చలువ చేయడం అనేవారు. పెళ్లికి బయల్దేరేటప్పుడు మా నాయనమ్మ “ఆ చలవ చీర ఇలా తేమ్మా” అనేది. ఆ చీరకు అన్నం వార్చిన గంజి తగిలేది గాని, నిప్పుల పెట్టె తగిలేది కాదు. కాబట్టి రెండూ ఒకటే అనుకోకండి. చలువలో ఉతుకూ గంజీ మడతా అన్నీ ఉన్నాయి, ఇస్త్రీ అంటే చివర్లో లాగి చదును చేసే పని ఒక్కటే.